ఇంటర్న్‌షిప్ అయిపోతోంది: కుక్కలు, పిల్లుల వైద్యంలో ఒక్కదాని మీదే పట్టు సాధించి మన ఊళ్ళలో బతకొచ్చా?

పుత్తూరు_పిల్ల | జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) నాలుగున్నరేళ్ళ చదువు అయిపోయింది. ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఇంకో నాలుగు నెలలు మిగిలాయి.

మా నాన్నకి ఎనిమిది గేదెలు. కూతురు డాక్టరైతే వాటికి ఇక ఢోకా లేదని ఆయన సంబరం. నాకేమో కుక్కలు, పిల్లుల ఓపీలో కూర్చున్న రోజు అన్నం టైమ్ కూడా గుర్తుండదు. గేదెలంటే ప్రేమ లేక కాదు, వాటి మధ్యే పెరిగాను. కానీ మనసు ఇటే లాగుతోంది. చర్మవ్యాధులంటే మరీ ఇష్టం.

నా సందేహాలు: ఎంవీఎస్సీలో (పశువైద్య పీజీ) మెడిసిన్ తీసుకోవాలా, సర్జరీనా? మనుషుల్లో స్కిన్ డాక్టరు, గుండె డాక్టరు ఉన్నట్టు ఇక్కడ ఒక్కదానికే పేరు తెచ్చుకుని బతకడం కుదురుతుందా? లేక అన్నీ చూడాల్సిందేనా? అమ్మయితే "ఇంత చదివించింది కుక్కల డాక్టరువి అవ్వడానికా" అంటోంది. ప్రాక్టీసులో ఉన్న పెద్దలు చెప్పండి.

పశుశాఖ_పాతకాపు | జూన్ 14, రాత్రి 10:22

అమ్మాయ్, ముందు వీఏఎస్ (ప్రభుత్వ పశువైద్యుల ఉద్యోగం) నోటిఫికేషన్ పడితే పరీక్ష రాయి. మిగతావన్నీ తర్వాత. నాది 19 ఏళ్ళ సర్వీసు. ఒకటో తారీఖు జీతం పడుతుందన్న ధైర్యం ఏ కుక్కా ఇవ్వదు, పిల్లీ ఇవ్వదు. ప్రైవేటు క్లినిక్ పెడితే మొదటి రెండు మూడేళ్ళు ఈగలు తోలుకోవాలి.

పైగా మా దగ్గరా కుక్కలు తప్పవులే. మొన్న మా మండలంలో ఒకాయన అర్ధరాత్రి ఫోన్ చేసి, కుక్కకి మనసు బాగోలేదు, వచ్చి చూడమన్నారు. అదే ఊళ్ళో ఆవుకి ఈత కష్టమైతే తెల్లారే దాకా ఆగారు. కాలం మారింది మరి.

గోదారి_గట్టు | జూన్ 15, ఉదయం 6:15

ఓపీ తొమ్మిదింటికి. ఈలోపు కాఫీ తాగుతూ రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

తిరుపతిలో చదివాను. ఎంవీఎస్సీ మెడిసిన్ కూడా అక్కడే. 2003లో రాజమండ్రిలో మందుల షాపు పక్కన షట్టర్ అద్దెకి తీసుకుని బోర్డు పెట్టాను. ఆవు, కుక్క బొమ్మలు వేయమంటే పెయింటరు కోడిని కూడా వేసి, "ఇది ఫ్రీ సార్" అన్నాడు. మొదటి ఏడాది నాకు అన్నం పెట్టింది ఆ ఫ్రీ కోడే. సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల్లో ఏ కోళ్ళు వస్తాయో, ఎందుకొస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

అప్పట్లో ఇంట్లో కుక్క అంటే తెల్ల పామెరేనియన్, లేదంటే అల్సేషియన్. తర్వాత ఒక మొబైల్ కంపెనీ యాడ్‌లో పగ్ కనిపించింది. ఇక ఊరంతా పగ్‌లే. మే నెల ఉక్కపోతలో ఆ చప్పిడి ముక్కుతో ఊపిరి ఆడక నాలుక నీలంగా మారి వచ్చేవి. ఆ తర్వాత హస్కీలు. మంచులో బండి లాగే జాతి, ఇక్కడ ఏసీ గదిలో కాపురం, కరెంటు పోతే నాకు ఫోను. ఇప్పుడు షిట్జూలు, పర్షియన్ పిల్లులు. కాబట్టి అమ్మాయ్, నీ ప్రాక్టీసు ఎలా ఉండాలో సగం నీ చేతిలో ఉండదు. ఊరు ఏం పెంచితే అది నీ బల్ల మీదకొస్తుంది.

ఇక ప్రత్యేక ఆసక్తి సంగతి. నాది పిడుదుల జ్వరాలు. మీ వైపు గోమార్లంటారేమో. ఇది నేను ఎంచుకున్నది కాదు.

2006 వేసవిలో ఒక స్కూలు మాస్టారు నాలుగేళ్ళ అల్సేషియన్‌ని తెచ్చారు. ఆడది. ముక్కులోంచి రక్తం బొట్లుబొట్లుగా పడుతోంది. ముక్కుకి దెబ్బేదో తగిలిందనుకున్నాను. ఐస్ పెట్టించి, రక్తం కట్టడానికి ఇంజెక్షన్ ఇచ్చి పంపాను. చెవి మడతలో పిడుదులు నా కళ్ళతో చూశాను. తీసేయించమని కూడా చెప్పాను. చెప్పి, అక్కడితో మర్చిపోయాను. మూడో రోజు మళ్ళీ తెచ్చారు. పొట్ట మీద సూదితో గుచ్చినట్టు ఎర్రచుక్కలు, చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెలుపు. ఐదో రోజు పోయింది. మాస్టారు బిల్లెంతని అడిగి, కట్టి, దండం పెట్టి వెళ్ళారు. తిట్టి ఉంటే బాగుండేది.

అది ఎర్లీషియా. పిడుదు కాటుతో ఒంట్లోకి వచ్చి తెల్ల రక్తకణాల్లో కాపురం పెట్టే బాక్టీరియా. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎక్కడి నుంచైనా రక్తం కారొచ్చు. అల్సేషియన్లలో మరీ ముదురుతుంది. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే! బల్ల మీద ఉన్న కుక్కకీ, నేను చదివిన పేజీకీ మధ్య దారి వేసుకోలేదంతే.

ఆ ఏడాది స్కూటర్ కొనడం వాయిదా వేసి పాత మైక్రోస్కోపు ఒకటి కొన్నాను. జ్వరంతో వచ్చిన ప్రతి కుక్కకీ చెవి కొస నుంచి ఒక్క చుక్క. ఆ చుక్కని స్లైడు మీద పెట్టి, రెండో స్లైడుని ఏటవాలుగా ఆనించి, రక్తం అంచు పొడవునా పాకాక ఒక్క ఊపులో ముందుకి తోయాలి. మధ్యలో ఆగితే గీతలు పడతాయి. చివర పక్షి ఈకలా పలచబడాలి, అసలు కథంతా ఆ అంచులోనే. మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగులో అరగంట. తర్వాత చూస్తే ఎర్రకణంలో చిన్న ఉంగరం కనిపిస్తే బబీసియా, పిడుదులే అంటించే ఇంకో పరాన్నజీవి. పెద్ద తెల్లకణంలో మల్బరీ పండులాంటి గుత్తి ఉంటే ఎర్లీషియా. అది కనిపించడం అరుదు. కనిపించలేదు కదా అని జబ్బు లేదనుకుంటే మళ్ళీ మాస్టారి కుక్క కథే.

ఇప్పుడు చుట్టుపక్కల డాక్టర్లు అమలాపురం బస్సు కండక్టర్ చేతికి పెన్సిల్ డబ్బాలో స్లైడ్లు పెట్టి పంపుతుంటారు. అలాగని పిడుదుల జ్వరాలతోనే బతుకుతున్నానా? లేదు. రోజులో సగం టీకాలు, నట్టల మందు, చెవి చీము, గోళ్ళు కత్తిరించడం. అవి ఇంటి అద్దె కడతాయి. ఇది నిద్ర పట్టనిస్తుంది.

రాంనగర్_రాకీ | జూన్ 15, ఉదయం 11:05

డాక్టర్లందరూ ఉన్నారు కాబట్టి ఓనరుగా ఒక మాట. మా రాకీకి (లాబ్రడార్) జ్వరమని తీసుకెళ్తే మా దగ్గరి క్లినిక్‌లో బ్లడ్ టెస్టు, స్కానింగు, ఇంకేవో కిట్లు. బిల్లు చూసి నాకు జ్వరమొచ్చింది. చివరికి రాసింది డాక్సీ (డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్) మాత్రలు. ఆ మాత్ర మెడికల్ షాపులో ఎంతో మీకు తెలుసు. నాలుగు రోజులు వేశాం, లేచి గంతులేశాడు, ఆపేశాం. నెల తిరక్కుండా మళ్ళీ జ్వరం. ఇది ట్రీట్‌మెంటా, ఇన్‌స్టాల్‌మెంటా?

గోదారి_గట్టు | జూన్ 15, మధ్యాహ్నం 2:30

రాకీ నాన్నగారూ, బిల్లు సంగతి ఆ క్లినిక్ వాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ఏ పరీక్ష ఎందుకో చెప్పించుకోవడం మీ హక్కు. చెప్పకపోతే అది డాక్టరు తప్పే.

కానీ నాలుగు రోజులకి మాత్ర ఆపింది మీరు. ఎర్లీషియాకి డాక్సీ 28 రోజులు వాడాలి. రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తిరుగుతుంది, అదే దీంతో వచ్చిన తంటా. కణాల్లో దాక్కున్నది అలాగే ఉంటుంది. పైకి ఏమీ తెలియకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడుస్తాయి. చివరికి ఎముక మూలుగ దెబ్బతిని రక్తం తయారీయే ఆగిపోయే దశ ఒకటుంది. అక్కడికి చేరాక నేనూ పెద్దగా చేసేది ఉండదు.

ఇంకో మాట. కుక్క మీద ఉన్న పిడుదులు కొద్ది. మిగతావి మీ ఇంట్లో ఉన్నాయి. ఈ గోధుమరంగు పిడుదు ప్రతి దశలోనూ కుక్క మీంచి దిగి, గోడ ఎక్కి, పగుళ్ళలో దాక్కుంటుంది. ఒక్కో ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే చోట గోడ పగుళ్ళు, తలుపు చట్రం వెనక, మంచం కోళ్ళ సందులు టార్చి వేసి చూడండి. కిరోసిన్ మాత్రం రాయకండి. చర్మం కాలిపోయి వచ్చిన కుక్కల్ని ఏటా చూస్తున్నాను.

రాంనగర్_రాకీ | జూన్ 15, రాత్రి 8:50

టార్చి వేశాను సార్. షూ రాక్ వెనక గోడకి వరసగా ఉన్నాయి, మిరియాలు అతికించినట్టు. మా ఆవిడ అప్పటి నుంచి మంచం దిగట్లేదు. మాత్రలు ఈసారి క్యాలెండర్ మీద టిక్కులు పెట్టి వేస్తాం.

ఓరుగల్లు_కత్తి | జూన్ 15, రాత్రి 10:10

పుత్తూరు చెల్లీ, సర్జరీ వైపు నుంచి నేను చెప్తా. వరంగల్‌లో క్లినిక్, పన్నెండేళ్ళయింది. ఇప్పటికీ వారానికొకరు లోపలికొచ్చి నన్ను చూసి "డాక్టరు గారు లేరా అమ్మా?" అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు "ఉన్నారు, కూర్చోండి" అని చేతులు కడుక్కొచ్చి అదే కుర్చీలో కూర్చుంటా.

చేతికి పని రావాలంటే వీధికుక్కల కుటుంబ నియంత్రణ శిబిరాలకి మించిన బడి లేదు. జంతు సంరక్షణ సంస్థలు హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ 1992 నుంచి ఉంది, విశాఖలో వీఎస్‌పీసీఏ ఉంది, కార్పొరేషన్ల సెంటర్లున్నాయి. ఎక్కడైనా సరే, అనుభవమున్న సర్జన్ పక్కన నిలబడి మొదటి వంద గర్భసంచులు తీశాక చూడు నీ వేళ్ళు ఎలా మారతాయో. అండాశయాన్ని పట్టి ఉంచే నరంలాంటి తాడు ఒకటుంటుంది. కంటికి కనపడదు, వేలితో మీటుతూ సాగదీయాలి. తెగిన క్షణం వేలికి తెలుస్తుంది. ఏ పుస్తకమూ చెప్పలేదు నాకది.

ఆ చెయ్యి ఉంటేనే అర్ధరాత్రి పయోమెట్రా వచ్చినప్పుడు వణకవు. ఎద అయిన నెలా రెండు నెలలకి ఆడకుక్క నీళ్ళు తెగ తాగుతోంది, అన్నం ముట్టట్లేదు అని ఫోనొస్తే నేను ఇంకేమీ అడగను, తీసుకురమ్మంటా. గర్భసంచి నిండా చీము, నీళ్ళు నింపిన సైకిల్ ట్యూబులా ఉంటుంది. చిట్లకుండా బయటికి తీయాలి.

కానీ నాకిష్టమైన జబ్బు కత్తితో పనిలేనిది. టీవీటీ. వీధికుక్కల్లో సంభోగంతో అంటుకునే కాన్సర్, మర్మాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారుతుంటుంది. దీనిలో విచిత్రమేంటంటే అంటుకునేది వైరస్ కాదు, కాన్సర్ కణమే. వేల ఏళ్ళ కిందట ఆసియాలో ఎక్కడో ఒక్క కుక్కకి వచ్చిన గడ్డ. ఆ కుక్క ఎప్పుడో మట్టిలో కలిసింది, దాని కణాలు మాత్రం కుక్క నుంచి కుక్కకి దూకుతూ ఇవాళ్టికీ హనుమకొండ చౌరస్తాలో తిరుగుతున్నాయి. కుక్కకి క్రోమోజోములు 78. ఈ గడ్డ కణాల్లో లెక్కపెడితే 57 నుంచి 64. ఈ కుక్కవి కావన్నమాట, ఆ పాత కుక్కవి! నేను మొదటిసారి చదివినప్పుడు రెండు రోజులు కనపడిన వాళ్ళందరికీ చెప్పి విసిగించా.

మందు విన్‌క్రిస్టిన్. వారానికొక ఇంజెక్షన్, చాలావాటికి నాలుగు నుంచి ఆరు వారాల్లో గడ్డ మాయమవుతుంది. ఆ మందు మొదట దొరికింది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోనే. కానీ నరంలోనే పడాలి, ఒక్క చుక్క బయటికి జారినా ఆ కాలి కండ కుళ్ళుతుంది. నా మూడో కేసులో సూది జరిగింది. కుక్క కాలు దక్కింది గానీ, నెలన్నర రోజూ కట్టు కట్టాను. అప్పటి నుంచి ముందు సెలైన్ పెట్టి, అది సాఫీగా పారుతోందని చూశాకే మందు.

పిల్లితల్లి | జూన్ 16, రాత్రి 11:32

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. అర్జెంటు. మా పర్షియన్ మగపిల్లి, మూడేళ్ళు, నిన్న సాయంత్రం నుంచి ట్రేలో మాటిమాటికీ కూర్చుంటున్నాడు, ఏమీ రావట్లేదు. మలబద్ధకం అనుకుని కాస్త పాలు పట్టాను. ఇప్పుడు మూలుగుతున్నాడు, వాంతి కూడా చేసుకున్నాడు. ఇంట్లో పారాసిటమాల్ ఉంది, పావు ముక్క వేస్తే రాత్రి గడుస్తుందా? పొద్దున్నే తీసుకెళ్తాను.

ఓరుగల్లు_కత్తి | జూన్ 16, రాత్రి 11:36

వద్దు! పారాసిటమాల్ వేయకండి. పిల్లికి అది విషం. పావు ముక్క కూడా వద్దు. పొద్దున దాకా ఆగకండి, ఇప్పుడే ఎమర్జెన్సీ ఉన్న క్లినిక్‌కి బయల్దేరండి. అది మలబద్ధకం కాకపోవచ్చు, మూత్రం ఆగిపోయినట్టుంది. పొట్ట కింద నొక్కి చూడకండి, సంచి పగలొచ్చు.

పుత్తూరు_పిల్ల | జూన్ 16, రాత్రి 11:38

మేడమ్, మీరు ఏ ఊళ్ళో ఉన్నారు? బయల్దేరే ముందు క్లినిక్‌కి ఫోన్ చేసి "మగపిల్లి, మూత్రం రావట్లేదు, వాంతులు" అని చెప్పండి, రెడీగా ఉంటారు.

పిల్లితల్లి | జూన్ 16, రాత్రి 11:41

కూకట్‌పల్లి. మా తమ్ముడు కారు తీస్తున్నాడు. మాత్ర వేయలేదు.

పశుశాఖ_పాతకాపు | జూన్ 17, ఉదయం 7:10

పిల్లి ఎలా ఉంది తల్లీ?

పిల్లితల్లి | జూన్ 17, ఉదయం 9:25

బతికాడు. మత్తిచ్చి సన్నటి గొట్టం వేశారు. ఇసుకలాంటిది అడ్డం పడిందట. వచ్చిన మూత్రం బీట్‌రూట్ రంగులో ఉంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగిందని, ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని చెప్పారు. రెండు రోజులు అక్కడే ఉంచాలట. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆ పారాసిటమాల్ సంగతేంటి? మనం చిన్నపిల్లలకి కూడా వేస్తాం కదా?

గోదారి_గట్టు | జూన్ 17, మధ్యాహ్నం 3:05

శుభవార్త చెప్పారు. మగపిల్లికి మూత్రనాళం చివర చాలా సన్నం, అందుకే ఈ బాధ ఎక్కువ వాటికే. ట్రేలో ముక్కుతుంటే అందరూ మలబద్ధకమే అనుకుంటారు, మీరొక్కరే కాదు.

పారాసిటమాల్‌ని మన కాలేయం ఒక పద్ధతిలో విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని సరిగా చేతకాదు. మందు విషంగా మారి ఎర్రకణాల మీద పడుతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేదు. చిగుళ్ళు చాక్లెట్ రంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. మనుషుల మాత్ర ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి. వెంటనే తెస్తే విరుగుడుంది, కానీ తెచ్చేసరికి సాధారణంగా తెల్లారిపోయి ఉంటుంది. "పిల్లి చిన్న కుక్క కాదు" అని మాకు మా మాస్టారు చెప్పేవారు. నేను ఇంకో మాట కలుపుతాను, చిన్న మనిషి అంతకన్నా కాదు.

డల్లాస్_దారి | జూన్ 17, రాత్రి 8:15

ఇక్కడ అమెరికాలో కుక్కలకి స్కిన్ డాక్టరు, కంటి డాక్టరు, పళ్ళ డాక్టరు, కాన్సర్ డాక్టరు విడివిడిగానే ఉంటారు చెల్లీ. డిగ్రీ తర్వాత ఇంటర్న్‌షిప్, ఆపైన మూడేళ్ళ రెసిడెన్సీ, బోర్డు పరీక్ష. మన డిగ్రీతో రావాలంటే ముందు ఈసీఎఫ్‌వీజీ గానీ పేవ్ గానీ (విదేశీ డిగ్రీని సరిచూసే రెండు దారులు) దాటాలి, ఆపైన 360 ప్రశ్నల నావ్లీ లైసెన్సు పరీక్ష. నేను ఈసీఎఫ్‌వీజీలో వచ్చాను. మూడు రోజుల ప్రాక్టికల్ ఉంటుంది, ఆవు నుంచి గుర్రం దాకా అన్నీ. అందులో నన్ను గట్టెక్కించింది ఇంటి దగ్గర నేర్చుకున్న గేదె పనే. కాబట్టి నాన్న గేదెల్ని తక్కువ చేయకు.

డబ్బు, టైమ్ రెండూ కరిగిపోతాయి. మా ఆవిడ ఉద్యోగం చేయకపోతే నేను మధ్యలోనే వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఇప్పటికీ నేను జనరల్ ప్రాక్టీసే, స్పెషలిస్టుని కాదు.

పుత్తూరు_పిల్ల | జూన్ 17, రాత్రి 10:48

అందరికీ ధన్యవాదాలు. డల్లాస్ అన్నా, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఆ ఒక్క ముక్క రెండుసార్లు చదివించుకున్నారు.

ఇంకో రెండు అడుగుతా. చర్మం మీద ఆసక్తి ఉంటే ఇప్పటి నుంచే ఏం చేయాలి? రెండోది, కాస్త సిగ్గుగా ఉంది. మొన్న ఓపీలో ఒక వీధికుక్క నోరు తెరిచి చూస్తుంటే పక్కనున్న సీనియర్ చెయ్యి లాగేశాడు. రేబిస్ కావచ్చన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. ఈ భయం పోతుందా?

ఓరుగల్లు_కత్తి | జూన్ 18, ఉదయం 6:40

భయం పోదు, పోకూడదు కూడా. ముందస్తు టీకా వేయించుకున్నావా? మూడు డోసులు: మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు. వేయించుకోకపోతే ఇవాళే మొదలుపెట్టు. దవడ వేలాడుతూ చొంగ కారుస్తున్న కుక్క వస్తే ఓనరు "గొంతులో ఎముక ఇరుక్కుంది" అనే చెప్తాడు. చెయ్యి పెట్టకు. ముందు రేబిస్ కాదని తేల్చుకో. కరిచినా, గీరినా, చొంగ పుండు మీద పడినా సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడుగు, ఆ వెంటనే ఆస్పత్రికి. ముందస్తు టీకా ఉన్నా తర్వాతి డోసులు తప్పవు.

చర్మం గురించి ఒక్కటే చెప్తా. దురదతో వచ్చిన కుక్కని చూసే ముందు ఓనరు చేతులు చూడు. ముంజేతుల మీద, పొట్ట దగ్గర ఎర్ర దద్దుర్లుంటే కుక్కకి గజ్జి పురుగు అని సగం తేలినట్టే. కుక్కని ఎత్తుకున్న చోటల్లా అంటుతుంది. ఆయన మొహమాటపడి చెప్పడు, నువ్వే అడగాలి.

గోదారి_గట్టు | జూన్ 18, ఉదయం 7:30

నాది కూడా ఒక ముక్క. దురద అనగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి పంపడం మన ఊళ్ళలో పెద్ద జాడ్యం. సాయంత్రానికి గోక్కోవడం ఆగుతుంది, డాక్టరు దేవుడైపోతాడు, కారణం మాత్రం అలాగే ఉంటుంది. నువ్వు గీకి చూడటం నేర్చుకో. బ్లేడు మొద్దు అంచుతో, చర్మాన్ని రెండు వేళ్ళ మధ్య పిండి, సన్నగా రక్తం తేమ కనిపించే దాకా గీకాలి. డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగు వెంట్రుక కుదుట్లో ఉంటుంది, పైపైన గీకితే దొరకదు. జిడ్డు చర్మమైతే సెల్లో టేపు అంటించి తీసి, నీలం రంగు వేసి చూడు. వేరుశనగ కాయల్లాంటివి కనిపిస్తే ఈస్టు.

నీ మొదటి ప్రశ్నకి నా జవాబు: మన దగ్గర చర్మానికి వేరే పీజీ లేదు, అది మెడిసిన్‌లో భాగమే. మెడిసిన్ తీసుకో. రెండేళ్ళు. కానీ ఈ నాలుగు నెలల్లో ఒక పని చెయ్యి. మీ ఓపీకి వచ్చే కుక్కలకి, పెద్దవాళ్ళ అనుమతితో, యాభై రక్తపు స్లైడ్లు, యాభై చర్మం స్లైడ్లు నీ చేత్తో తీసి, రంగు వేసి, చూసి నోటుబుక్‌లో రాసుకో. ఏం కనిపించకపోయినా రాయి. ఏది చూస్తున్నప్పుడు టీకి పిలిచినా లేవబుద్ధి కాలేదో నీకే తెలుస్తుంది.

పశుశాఖ_పాతకాపు | జూన్ 18, ఉదయం 8:02

నోటిఫికేషన్ పడితే మాత్రం రాయమ్మా. స్లైడ్లు సాయంత్రాలు కూడా చూసుకోవచ్చు.

పుత్తూరు_పిల్ల | జులై 9, రాత్రి 9:15

గోదారి సార్! దొరికింది! పదిహేడో స్లైడు. నాటుకుక్క, జ్వరం, ముదురు రంగు మూత్రం. ఎర్రకణాల మీద ఊదారంగు చుక్కలు, ఉంగరాలు బోలెడు. ఫోన్‌ని మైక్రోస్కోపు కంటికి ఆనించి తీసిన ఫొటో పెడుతున్నా. బబీసియానే కదా? మా బ్యాచ్ అందరికీ చూపించాను. నాన్నకి కూడా పంపాను.

గోదారి_గట్టు | జులై 9, రాత్రి 10:20

స్మియర్ (స్లైడు మీద రక్తపు పూత) చక్కగా వచ్చింది. ఈక అంచు నాకన్నా బాగా లాగావు.

చుక్కలు మాత్రం బబీసియా కాదు. చాలావరకు రంగు మట్టి. జీమ్సా పాతబడి గింజ కట్టింది. మైక్రోస్కోపు ఫోకస్ చిన్న నాబ్ కాస్త తిప్పి చూడు, కణం స్పష్టంగా ఉన్నప్పుడు చుక్క మసకబారి, చుక్క స్పష్టమైతే కణం మసకబారిందా? అయితే అది కణం లోపల లేదు, పైన కూర్చుంది. ఫొటోలో కుడివైపు పైన ఉన్న ఉంగరం ఎర్రకణం మీద వాలిన ప్లేట్‌లెట్. చుట్టూ తెల్లటి వలయం ఉంది చూడు. నేను మొదటి ఏడాది ఇలాంటి ప్లేట్‌లెట్లకి చాలానే మందు రాశాను.

ఆ మూత్రం రంగు, జ్వరం మాత్రం నాకు నచ్చలేదు. రంగు వడకట్టి అదే కుక్కకి ఇంకో స్లైడు తీయి. చెవి కొస నుంచే, కాలి నరం నుంచి కాదు. ఫలితం కోసం ఎదురుచూస్తూ కుక్కని వదిలేయకండి, పీసీఆర్‌కి పంపే వీలుందేమో మీ సార్‌ని అడుగు.

పుత్తూరు_పిల్ల | జులై 9, రాత్రి 10:31

నాబ్ తిప్పి చూశాను సార్. మీరన్నట్టే, పైన కూర్చుంది.

ఫిల్టర్ పేపర్ ల్యాబ్ అన్నని అడిగి తీసుకున్నా. కుక్క వార్డులోనే ఉంది, పొద్దున ఆరింటికి వెళ్తాను. నాన్నకి ఇంకా చెప్పలేదు, ఆయన ఆ ఫొటోని ఇప్పటికే స్టేటస్‌లో పెట్టేశారు.